కుట్టేసిన జేబులు

“ఈ కుట్టు నాది కాదు. ఎవరు వేశారో చెప్పు.”

“ఎవరో ఎందుకు వేస్తారు? నేనే వేసుకున్నా.”

“నీకు గుండీ కుట్టుకోవడం రాదు. ఇంత సన్నంగా, ఇంత దగ్గరదగ్గరగా నువ్వు వేశావా? అబద్ధమాడితే అతికేట్టు ఆడు.”

ఆదివారం పొద్దున పదింటికి గోడ అవతల నుంచి ఈ మాటలు వినిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. పక్క వాటా అన్నకి ఎవరో ఉన్నారు, ఆవిడెవరో ప్రేమగా ప్యాంటు కూడా కుట్టిచ్చింది, ఇవాళ బట్టలు నానబెడుతుంటే వదినకి దొరికిపోయాడు. మా రెండు వాటాలకీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. అటు చెంచా పడితే ఇటు తెలుస్తుంది. చెవి ఒగ్గి వినాల్సిన పని లేదు, వినకుండా ఉండాలంటేనే కష్టపడాలి.

తర్వాత వదిన గొంతు తగ్గింది. ఆవిడ గొంతు తగ్గితేనే భయం. లోపల ఈ రేకేంటని అడిగింది. బట్ట పర్రున చిరిగిన చప్పుడు. ఆ తర్వాత మాట మాత్రం తేటగా వినిపించింది.

“ఎనభై రెండు రోజులు గీతలు గీశాను. నువ్వేమో మొదటి రోజు నుంచీ జేబులో పెట్టుకునే తిరుగుతున్నావు.”

అప్పుడర్థమైంది, ఇది ఆడమనిషి గొడవ కాదు. ఫోన్ల గొడవ.

ఆయన ఫోన్లు బాగుచేస్తాడు. బస్సులు ఆగేచోట, కళ్లజోళ్ల కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది ఆయనది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఊపిరి పీల్చుకోవాలి. బల్ల మీద ఒక లెన్సు దీపం, వేడిగాలి కొట్టే మిషను, చిమటాలు, అయస్కాంతం ముక్క మీద అతుక్కున్న నువ్వుగింజంత స్క్రూలు. టంకం వేసినప్పుడు వచ్చే పొగ వాసన ఆయన చొక్కాల్లోంచి ఉతికినా పోదు. అసలు పేరు నాకు తెలుసు గానీ ఆ వీధిలో దానితో ఎవరికీ పనిలేదు. అందరికీ ఆయన ‘జేబు డాక్టరు’.

ఆ బిరుదు ఊరికే రాలేదు. బాగుచేసిన ఫోను ఆయన వెంటనే ఇవ్వడు. పాడైన ముక్క మార్చాక, పెట్టె బిగించాక, దాన్ని ఒక రోజంతా తన ప్యాంటు జేబులో వేసుకుని తిరుగుతాడు. కుడి జేబులో ఒకటి, ఎడమ జేబులో ఒకటి. బల్ల మీద పడుకోబెడితే ప్రతి ఫోనూ బుద్ధిమంతురాలేనట. మనిషి ఒంటి మీద ఉండి, వాడితో పాటు కూచుని లేచి మెట్లెక్కి, చెమట పట్టి, వాడి వేడి దీనికీ దీని వేడి వాడికీ అంటుకున్నప్పుడే లోపలి బుద్ధి బయటపడుతుందట. ఎక్కడైనా అతుకు వదులుగా ఉంటే ఆ ఒక్కరోజులో ఆరిపోతుంది. ఆరకపోతే ఇచ్చేస్తాడు, అది మళ్లీ రాదు. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి. పక్క బజారు వాళ్లు నవ్వేవారు. తర్వాత వాళ్లే మొండి ఫోన్లు తెచ్చి ఈయన జేబులో వేసి పోయేవారు.

పదకొండేళ్లు. అందులో తొమ్మిదేళ్లు పెళ్లయిన మనిషి.

వదిన బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, స్కూలు యూనిఫారాలు ఎక్కువ. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి నేను చూడలేదు. పిల్లలు లేరని ఎవరైనా జాలిపడితే, “ఏడాదికి మూడొందల మంది పిల్లలకి నిక్కర్లు కుడుతున్నా, ఇంకెందరు కావాలి” అనేది. ఆ మాటకి జనం నవ్వేవారు. అది నవ్వించి పంపించేయడానికి అన్న మాట. నిరుడు ముప్పై అయిదు నిండాక ఇక ఆగలేక, ఆయన్ని లాక్కుని సంతాన వైద్యం ఆసుపత్రికి వెళ్లింది.

ఆవిడ పరీక్షలన్నీ బాగా వచ్చాయి. ఆయనవి బాగా రాలేదు. వీర్యకణాలు చాలా తక్కువ, ఉన్నవాటిలో కదిలేవి ఇంకా తక్కువ. అక్కడి గోడ మీద ఒక బొమ్మ ఉండేదట: ప్యాంటు జేబులో ఫోను, ఒళ్లో ల్యాప్‌టాప్, రెండింటి మీదా ఎర్రటి గీత. డాక్టరమ్మ మీరేం పని చేస్తారని అడిగితే ఈయన ఉత్సాహంగా తన జేబు పరీక్ష అంతా వివరించాడట. రోజుకి రెండు ఫోన్లు, ఆన్ చేసే ఉంచుతానని కూడా. చెబుతూ చెబుతూ గోడ మీద బొమ్మ కేసి చూశాడట.

డాక్టరమ్మ చెప్పింది చాలా జాగ్రత్తగా చెప్పింది. ఆ కాగితం తర్వాత నేను చదివాను. ఫోన్ల వల్లే ఇలా అయిందని తాను అనలేనంది. కొన్ని పరిశోధనల్లో తేడా కనిపించింది, కొన్నింట్లో ఏమీ కనిపించలేదు, ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆ చోట ఎక్కువ వేడి తగలడం మాత్రం మంచిది కాదు. కణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలు ఫోన్లు దూరం పెట్టి మళ్లీ పరీక్ష చేయించండి, తేడా ఉంటే తెలుస్తుంది. అంతే.

ఇందులో ‘అనలేను’ అన్న మాట వదిన చెవిన పడలేదు. ‘మూడు నెలలు’ అన్నది పడింది. తొమ్మిదేళ్లలో ఆవిడకి ఒకరు తేదీ ఇవ్వడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చి ఆయన ప్యాంట్లన్నీ ముందేసుకుని జేబులు కుట్టేసింది. కర్చీఫు పెట్టుకోవడానికి కూడా సందు ఉంచలేదు. గోడ మీద కొలతల సుద్దతో ఒక గీత గీసింది. మొదటి రోజు.

వారంలోనే మూడు ఫోన్లు తిరిగొచ్చాయి. జేబులో తిరగనివి. ఆయనకి అది తల కొట్టేసినట్టయింది. పిల్లలు లేని మగాడని వీధిలో ఎలాగూ అనుకుంటారు, చేతిలో పని కూడా లేనివాడని అనిపించుకోలేనన్నాడు. అందుకని ఒక తెలివైన పని చేశాడు. ఫోన్ల లోపల చిప్పుల మీద అంటించే పల్చటి రాగి రేకు చుట్టలు ఆయన దగ్గర బోలెడు. జేబు కుట్టు విప్పి, ఒంటి వైపు రేకు రెండు వరసలు పరిచి, దాని మీద గుడ్డ వేసి మళ్లీ కుట్టాడు. వెంట్రుకంత తీగల్ని లెన్సు కింద అతికించే చేతులకి సూది ఒక లెక్కా? రేకు అడ్డం ఉంటే తరంగాలు ఇటు రావు, నేనూ క్షేమం, ఫోనూ క్షేమం అనుకున్నాడు. పొద్దున కొట్టుకి పోగానే పైకుట్టు విప్పడం, సాయంత్రం వేసేయడం.

ఫోన్ల సంగతి తెలియనివాడు ఈ తప్పు చేయడు, చేయలేడు. తెలిసినవాడే చేయాలి. ఫోను ఎందుకు కాలిపోతోందని వచ్చిన ప్రతివాడికీ ఆయన చెప్పే మాట ఒకటుంది: సిగ్నల్ అందకపోతే ఫోను గొంతు చించుకుని అరుస్తుంది, అరిచి అరిచి వేడెక్కుతుంది. అలాంటిది తనే దానికి ఒక పక్క రేకు గోడ కట్టి, టవరుకి వినపడకుండా చేసి, రోజంతా తొడ పక్కన అరిపించాడు. వేడి తెలియలేదా అని అడిగాను. తెలిసిందట. బ్యాటరీలు మంచివి కావేమో అనుకుని ఇద్దరికి ఊరికే మార్చి ఇచ్చాడట.

ఆ ఆదివారం గొడవ జరిగిన మధ్యాహ్నం వదిన నా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో చింపిన జేబు. రాగి రేకు ఎండలో మెరుస్తోంది.

“తమ్ముడూ, నువ్వు రోజూ ఆ కొట్టు ముందు నుంచే పోతావుగా. మీ అన్న జేబులు కాస్త చూస్తూ ఉండు. ఆయన చెప్పేది నేనిక నమ్మను. నువ్వు చెప్పింది నమ్ముతా.”

నేను సామాన్లు చేరవేసే బండి నడుపుతాను, రోజుకి నాలుగుసార్లు ఆ వీధి తిరుగుతాను. సరేనన్నాను. ఇలాంటి వాటికి సరేననకూడదని ఇప్పుడు తెలుసు.

గోడ మీద ఎనభై రెండు గీతలూ తడిగుడ్డతో తుడిచేసింది. మళ్లీ మొదటి గీత.

ఈసారి ఆయన నిజంగానే మారాడు. ఇది నేను పూచీ పడి చెబుతాను. వెళ్లిన ప్రతిసారీ చూశాను, ఒక్కనాడూ జేబు ఉబ్బెత్తుగా లేదు. తన ఫోను కూడా కొట్టు తలుపుకి వేలాడే గుడ్డసంచిలో ఉండేది. జేబు పరీక్షకి దారి వదినే చూపించింది. ఆవిడ మిషను కింద సొరుగుంది. బాగుచేసిన ఫోన్లు గుడ్డలో చుట్టి అందులో పడేయమంది. మిషను రోజంతా దడదడలాడుతూనే ఉంటుంది, నీ నడకకన్నా అదే ఎక్కువ కుదుపు అంది. నిజమే. రెండు రోజుల్లో ఒక ఫోను అక్కడే ఆరిపోయి, వదులు అతుకు బయటపడింది. ఆయన మొహం చూడాలి ఆ రోజు. పదకొండేళ్లు తన తొడలు చేసిన పని ఒక సొరుగు చేసేసింది.

సంతోషం ఒక్క పూటే. మర్నాటికి ఆయనకి కొత్త భయం పట్టుకుంది, ఆ సొరుగు ఆవిడ పొట్టకి జానెడు దూరంలో ఉందని. పోయి సొరుగు ఊడబీకి, మిషను బల్ల అవతలి చివర బిగించాడు. అక్కడితో ఆగలేదు. ఇంట్లో ఇంటర్నెట్ డబ్బా పీకేశాడు. టీవీ రిమోటు ఒళ్లో పెట్టుకోనివ్వడు. వేడిగాలి మిషను దగ్గర కూర్చునే స్టూలు తీసేసి నిలబడి పని చేయడం మొదలెట్టాడు, సాయంత్రానికి కాళ్లు వాచేవి. వదులు ప్యాంట్లు, చన్నీళ్ల స్నానం. పగలు పది ఫోన్లు విప్పే మనిషి, ఇంటికొచ్చి తన ఫోను మోగితే పామును చూసినట్టు చూసేవాడు. ఇందులో ఏది పనికొచ్చేదో ఏది కాదో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. తెలియనప్పుడు అన్నీ చేస్తాం.

ఒకరోజు నేను అక్కడ ఉండగానే లారీ డ్రైవరొకడు వచ్చాడు. ప్యాంటు ముందు జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఈయన ఊరుకోలేదు. అక్కడ పెట్టుకోవద్దు, మంచిది కాదు అన్నాడు. వాడు పడీపడీ నవ్వాడు. “ఇరవై ఏళ్ల నుంచి ఇక్కడే పెడుతున్నానన్నా. పైన ఫోను, కింద ఇంజను వేడి. నలుగురు పిల్లలు. నాలుగోవాడితో ఆపమని మా ఆవిడ దండం పెట్టింది.”

జేబు డాక్టరు కూడా నవ్వాడు. బాగానే నవ్వాడు. ఇప్పుడే వస్తానని చెప్పి కొట్టు వెనక సందులోకి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. గోడకి నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. ఏడవడం లేదు. గోడకి అలా ఆనుకుని ఉన్నాడు, అంతే.

తొంభయ్యో గీత పడింది. మర్నాడే పరీక్ష. వదినకి స్కూళ్లు తెరిచే రోజులు, నూట నలభై జతలు అప్పగించాలి, కదిలే వీల్లేదు. నా బండి మీద ఆయన్ని తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు వెనక కూర్చుని ఒకటే మాటలు. కదలికలు బాగుంటాయంటున్నాడు, ఒంట్లోనే తేలికగా ఉందంటున్నాడు. మగపిల్లాడైనా ఆడపిల్లయినా ఈ పని మాత్రం నేర్పనన్నాడు. నేను తమాషాగా, పుట్టకముందే పని మానిపించావా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

కణాలు ముందుకన్నా తగ్గాయి. దాదాపు లేనట్టే.

డాక్టరమ్మ అప్పటికప్పుడు రక్తం తీయించింది. జన్యువుల పరీక్షట, రెండు వారాలు పడుతుందంది. ఆయన ఇంటికొచ్చి అక్కడ మిషను పాడైందని, పరీక్ష ఆలస్యమవుతుందని వదినకి చెప్పాడు. నేను పక్కనే నిలబడి తల ఊపాను. ఆవిడ ఆ రెండు వారాలూ గీతలు గీస్తూనే ఉంది. తొంభై ఒకటి, తొంభై రెండు. ఎందుకైనా మంచిదని.

రక్తం కాగితం ఇవాళ వచ్చింది. డాక్టరమ్మ గదిలోకి నన్నూ రమ్మన్నాడు, ఒక్కణ్ణే వినలేనన్నాడు. ఆవిడ చెప్పింది చిన్న విషయం. మగపుట్టుకనిచ్చే వై క్రోమోజోములో ఒక ముక్క ఆయనకి లేదు. పుట్టుకతోనే లేదు. కణాలు అందుకే తక్కువ, ఏళ్లు గడిచే కొద్దీ ఇంకా తగ్గుతాయి. ఏం మానినా, ఎన్నాళ్లు మానినా పెరగవు.

“మరి జేబు?” అన్నాడు.

మీ విషయంలో జేబు కారణం కాదు, మీరు చేసిన తప్పేమీ లేదు అందావిడ. ఊరట కలిగించే మాటే అన్నట్టు, మెత్తగా చెప్పింది. వేరే దారులు ఉన్నాయి, ఇద్దరూ కలిసి రండి, తొందరగా రండి, ఆవిడ వయసు కూడా చూసుకోవాలి కదా అంది. ఏమా దారులని ఆయన అడగలేదు.

ఇంటికి పోదామంటే వద్దన్నాడు, కొట్టుకి పోనిమ్మన్నాడు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పురుగు లేదు. తాళం తీసి లోపలికి వెళ్లి, మూడు నెలల కింద తీసేసిన స్టూలు వెతికి తెచ్చుకుని కూర్చున్నాడు. రక్తం కాగితం నాలుగు మడతలు పెట్టి, పాత బోర్డులు పడేసే డబ్బా అడుగున కుక్కాడు. కణాల కాగితం ఒక్కటీ బయట ఉంచాడు. ఇదే మీ వదినకి చూపిస్తానన్నాడు.

నాకు ఒళ్లు మండింది. దాస్తే ఆవిడ మళ్లీ గీతలు గీస్తుంది, తెలుసా అన్నాను. డాక్టరమ్మ తొందరగా రమ్మంది, ఆవిడలో ఏ లోపమూ లేదు, పోయే ప్రతి మూడు నెలలూ ఆవిడవే, నీవి కాదు అన్నాను. ఇంకా చాలా అన్నాను. తప్పు నీది కాదని తేలింది, సంతోషించక ఈ దాపరికమేంటన్నాను.

ఆయన అన్నీ విన్నాడు. చిమటా తీసుకుని అయస్కాంతం మీది స్క్రూలు ఒక్కొక్కటే అటు నుంచి ఇటు మార్చాడు.

“తప్పు నాదైతేనే బాగుండేది తమ్ముడూ. తప్పయితే మానుకుంటాం. పుట్టుకని ఏం చేసి మానను?”

స్క్రూలన్నీ అయ్యాక చిమటా కింద పెట్టాడు.

“జేబులని తిట్టుకుంటూ ఆవిడ ఈ ఆరు నెలలూ బతికింది. అంతకుముందు ఎనిమిదేళ్లూ ఎట్లా ఉండేదో నేను చూశాను. నువ్వు చూడలేదు. ఈ కాగితం చూపిస్తే ఇక తిట్టడానికి కూడా ఏమీ ఉండదు. గోడ తుడిచేసి ఊరుకుంటుంది.”

ఎన్నాళ్లు దాస్తావని అడిగాను. తెలియదన్నాడు. చెబుతా, నేనే చెబుతా, కానీ ఇవాళ కాదు అన్నాడు. లేచి, వదిన తన మిషను మీద డబుల్ దారంతో కుట్టిన తన కుడి జేబు మీద వేలితో ఒకసారి గీరాడు. దారం తెగలేదు. బల్ల మీది బ్లేడు తీసుకుని కుట్టు కోశాడు. మొన్న బాగుచేసిన ఫోనొకటి అందులో వేసుకున్నాడు.

“తొంభై రోజులూ జేబులో పెట్టలేదు కదా, మరి కణాలు ఎందుకు పెరగలేదని అడుగుతుంది. నన్ను కాదు, నిన్ను అడుగుతుంది. నువ్వు చెప్పిందే నమ్ముతానంది కదా. సాయంత్రం వచ్చి నీ గుమ్మంలో నిలబడుతుంది. చూశానని చెప్పు తమ్ముడూ. పెడుతున్నాడు వదినా, మొదటి రోజు నుంచీ పెడుతూనే ఉన్నాడు, నా కళ్లతో నేను చూశాను అని చెప్పు.”